ప్రశ్నలూ జవాబులూ: ఎలుక ఒంట్లో రబ్బరు రసాయనాలు

టైర్లు, చెప్పులు, గొట్టాలు, గ్లౌజుల తయారీలో వాడే కెమికల్స్ గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్క దగ్గరే ఆగాయి. సేఫ్టీ షీటులో 'ఎలుకల్లో ఇంత శాతం' అని రాసి ఉంటుంది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. ఇక్కడ 'ఎలుక' అంటే ల్యాబుల్లో పెంచే రాట్, 'చిట్టెలుక' అంటే మౌస్. ఈ రెండింటినీ కలిపేస్తే కింద చెప్పేదంతా తలకిందులవుతుంది.

మా రీట్రెడింగ్ యూనిట్‌లో వాడే ఎంబీటీ పౌడరు సేఫ్టీ షీటులో 'ఎలుక చర్మం ద్వారా శోషణ 16–17 శాతం' అని ఉంది. మనిషి చేతికి అంటితే అంతే లోపలికి పోతుందా?
*— షిఫ్ట్ సూపర్‌వైజర్, విజయవాడ ఆటోనగర్*

పోదు. ఆ శాతాన్ని చేతికంటిన పౌడరు బరువుతో గుణించకూడదు.

ఎంబీటీ అంటే మెర్కాప్టోబెంజోథయజోల్. రబ్బరును సల్ఫర్‌తో ఉడికించేటప్పుడు పని త్వరగా కావడానికి వేసే యాక్సిలరేటర్. రెండు ఎంబీటీ అణువులు సల్ఫర్ వైపు కలిస్తే ఎంబీటీఎస్ అవుతుంది. ఈ రెండింటికీ, ఒంట్లో ఎక్కడికి పోయాయో కనిపెట్టడానికి, రేడియోధార్మిక కార్బన్-14 గుర్తు పెట్టి ఎలుకల మీద, గినీ పందుల మీద చేసిన అధ్యయనం 1989లో వచ్చింది. మీ షీటులోని అంకెకు మూలం అదే. ఒక్కో జంతువు చర్మం మీద పూసింది సుమారు 36 మైక్రోగ్రాములు, అంటే కంటికి ఆనని మోతాదు. అందులో ఎలుకల ఒంట్లోకి వెళ్ళింది 16 నుంచి 17.5 శాతం, గినీ పందుల్లోకి 33 శాతం. ఎంబీటీఎస్ అయితే ఎలుకల్లోకి 6 నుంచి 8 శాతం, గినీ పందుల్లోకి 12 శాతం. ఎంబీటీఎస్ అణువు రెట్టింపు బరువు, నీళ్ళలో దాదాపు కరగదు. అందుకే అది తక్కువ వెళ్ళింది.

పూసే మోతాదు పెరిగేకొద్దీ శోషణ శాతం పడిపోతుంది. పలచటి పొరగా ఉన్న 36 మైక్రోగ్రాముల్లో 17 శాతం అంటే 6 మైక్రోగ్రాములు. అదే చోట 10 మిల్లీగ్రాముల పౌడరు వేస్తే అందులో 17 శాతం, అంటే 1.7 మిల్లీగ్రాములు, వెళ్ళదు. చర్మాన్ని తాకేది అడుగు పొర ఒక్కటే, మిగతాది పైన ఊరికే కూర్చుంటుంది. అయితే శాతం తగ్గినా లోపలికి వెళ్ళే మొత్తం మాత్రం పెరుగుతుంది. 'శాతం తక్కువే కదా' అని ధైర్యం తెచ్చుకోవడం ఇక్కడే దెబ్బ తీస్తుంది. లెక్క వేయాల్సింది గంటకు ఒక చదరపు సెంటీమీటరు గుండా ఎన్ని మైక్రోగ్రాములు వెళ్తున్నాయనే దాని మీద.

ఎలుక చర్మం పలచన, వెంట్రుకల కుదుళ్ళు దట్టం. చాలా రసాయనాలు దాని గుండా మనిషి చర్మం గుండా వెళ్ళేదానికి కొన్ని రెట్లు ఎక్కువ వెళ్తాయి. అందుకని నిపుణులు మూడు కొలతలు తీస్తారు. బతికున్న ఎలుకలో ఒకటి, గాజు పాత్రలో బిగించిన ఎలుక చర్మంలో ఒకటి, అలాగే బిగించిన మనిషి చర్మంలో ఒకటి. మూడోదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదానితో మొదటిదాన్ని గుణిస్తే మనిషికి వర్తించే అంకె వస్తుంది.

మీ షెడ్డులో ఈ లెక్కలకన్నా పెద్ద తేడా తెచ్చేది షిఫ్ట్ అయ్యాక చేతులు పెట్రోలుతోనో సొల్యూషన్‌తోనో కడుక్కునే అలవాటు. అవి చర్మం పైపొరలోని కొవ్వును లాగేస్తాయి. ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఏది అంటినా సులువుగా లోపలికి దిగుతుంది. సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, ఆ తర్వాత కాస్త కొబ్బరినూనె చాలు. గ్లౌజులు కొనేటప్పుడు 'యాక్సిలరేటర్ ఫ్రీ' అని ఉన్నవే అడగండి. మామూలు రబ్బరు గ్లౌజుల్లో, చాలా నైట్రైల్ గ్లౌజుల్లో కూడా ఈ జాతి రసాయనాలే ఉంటాయి. దురద, దద్దు ఒకసారి మొదలైతే ఈ శోషణ శాతాలకు అర్థమే ఉండదు. ఎలర్జీకి నలుసంత చాలు.

లోపలికి వెళ్ళిన ఎంబీటీ ఏమవుతుంది? సీబీఎస్ వాడితే నయమా?
*— పాలిమర్ టెక్నాలజీ విద్యార్థిని, హైదరాబాద్*

తొందరగానే బయటికి పోతుంది. పై అధ్యయనంలో నోటి ద్వారా ఇచ్చినదాంట్లో 60 శాతం నుంచి దాదాపు మొత్తం దాకా నాలుగు రోజుల్లో మూత్రంలో వచ్చేసింది. మలంలో వచ్చింది 3 నుంచి 10 శాతం మధ్య. ఎంబీటీఎస్ ఇచ్చినా లెక్క దాదాపు ఇంతే, ఎందుకంటే ఒంట్లోని గ్లూటాథయోన్ అనే సల్ఫర్ ఉన్న రక్షక పదార్థం ఆ సల్ఫర్-సల్ఫర్ బంధాన్ని తెంపి మళ్ళీ ఎంబీటీగా మారుస్తుంది. కాలేయం ఆ సల్ఫర్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి నీళ్ళలో కరిగేట్టు చేస్తుంది, మూత్రపిండాలు పారబోస్తాయి.

ఒకటి నుంచి రెండు శాతం మాత్రం రక్తంలో, ముఖ్యంగా ఎర్ర రక్తకణాల్లో అంటిపెట్టుకుని ఉండిపోయింది. దీన్ని చూసి 'మనిషి రక్తంలోనూ పేరుకుంటుంది' అనేస్తారు కొందరు. ఎలుక హిమోగ్లోబిన్‌లో మన దాంట్లో లేని ఒక చురుకైన సిస్టీన్ (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం) ఉంది. సల్ఫర్‌తో బంధం పెట్టుకునే పదార్థాలు, ఆర్సెనిక్ లాంటివి కూడా, ఎలుక రక్తంలో అసాధారణంగా నిలిచిపోతాయి. పైగా ఎలుక ఎర్రకణం ఆయుష్షు రెండు నెలలు, మనది నాలుగు. ఎలుక రక్తంలో మిగిలిపోయిన అంకెను అలాగే మనిషికి అంటగట్టడానికి కుదరదు.

సీబీఎస్ విషయానికి వస్తే, అది ఎంబీటీకి సైక్లోహెక్సైల్ అమీన్ తోక తగిలించిన యాక్సిలరేటర్. ఎలుక ఒంట్లో ఆ బంధం తెగి రెండు ముక్కలూ విడివిడిగా మూత్రంలో కనిపిస్తాయి. కాబట్టి సీబీఎస్ వాడితే ఎంబీటీ తప్పినట్టు కాదు. అమీన్ సంగతి వేరే. ఎక్కువ మోతాదుల్లో ఎలుకల వృషణాలు కుంచించుకుపోతాయి, చిట్టెలుకలు అంతగా దెబ్బతినవు. ఎలుక దాని వలయానికి హైడ్రాక్సిల్ తగిలిస్తుంది, చిట్టెలుక పెద్దగా తగిలించదు. మోతాదు పెరిగేకొద్దీ ఎలుక వృషణాల్లో ఆ అమీన్ నిల్వ మోతాదును మించిన వేగంతో పెరుగుతుంది.

ఇంకో మాట. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 1988లో వెలువరించిన రెండేళ్ళ పరీక్షలో మగ ఎలుకలకు ఎంబీటీని మొక్కజొన్న నూనెలో కలిపి కిలో బరువుకు 375, 750 మి.గ్రా. ఇచ్చారు. కొన్ని గ్రంథుల్లో కణుతులు పెరిగాయి. పైన చెప్పిన రేడియోధార్మిక అధ్యయనంలో మోతాదు కిలోకు అర మిల్లీగ్రాము చిల్లర. అంటే వెయ్యి రెట్లకు పైగా తేడా. అర మిల్లీగ్రామును సునాయాసంగా పారబోసిన కాలేయం 750 మిల్లీగ్రాములనూ అదే దారిలో, అదే వేగంతో పంపుతుందనుకోవడానికి ఆధారం లేదు. గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేట్, గ్లూటాథయోన్ నిల్వలకు హద్దుంది. ఎంబీటీని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే 2ఎ వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చేర్చింది. అందులో రసాయన కార్మికుల్లో కనిపించిన మూత్రాశయ క్యాన్సర్‌కూ పాత్ర ఉంది, ఎలుకలొక్కటే కాదు.

ఎలుకలకు నోటి ద్వారా కార్బన్-14 థైరామ్ ఇచ్చాం. నాలుగు రోజుల మూత్రం, మలం కలిపినా మోతాదులో సగమే లెక్కకు వచ్చింది. ఎక్కడ పోయింది?
*— ఎం.ఫార్మసీ విద్యార్థి, గుంటూరు*

ఊపిరిలో పోయింది. మీరు పంపిన పంజరం బొమ్మలో గాలిని పట్టే ఏర్పాటు ఎక్కడా లేదు.

థైరామ్, అంటే రబ్బరు వాళ్ళు యాక్సిలరేటర్‌గా వాడే టీఎంటీడీ, కడుపులో, కాలేయంలో డైమిథైల్ డైథయోకార్బమేట్‌గా విడిపోతుంది. అది డైమిథైల్ అమీన్‌గా, కార్బన్ డైసల్ఫైడ్‌గా ముక్కలవుతుంది. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి. కొంత ఊపిరితిత్తుల్లోంచి అలాగే బయటికి పోతుంది, కొంత ఆక్సీకరణ చెంది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. గుర్తు కార్బన్ రెండు సల్ఫర్ల మధ్య ఉంటే మోతాదులో పెద్ద వాటా ఇలా గాలిలో కలిసిపోతుంది.

మళ్ళీ చేసేటప్పుడు మూసి ఉన్న గాజు మెటబాలిక్ పంజరం తీసుకోండి. గాలిని నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున లాగండి. పంజరం దాటగానే ముందు ఒక ఆరబెట్టే గొట్టం ఉండాలి, సోడియం సల్ఫేట్ నింపింది సరిపోతుంది. ఎలుక ఊపిరిలోని తేమ నేరుగా తర్వాతి గొట్టంలోని బొగ్గుకు తగిలితే బొగ్గు కార్బన్ డైసల్ఫైడ్‌ను సరిగా పట్టదు. దాని తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ గొట్టాలు రెండు, ఒకదాని వెనక ఒకటి. రెండోదాంట్లో రేడియోధార్మికత కనిపించిందంటే మొదటిది నిండి పొంగుతోందన్నమాట. గొట్టం మార్చే గడువు తగ్గించండి. చిట్టచివర క్షారం, కార్బన్ డయాక్సైడ్ కోసం. క్షారాన్ని ముందు పెట్టకండి. అందులోనూ ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ కార్బన్ డైసల్ఫైడ్‌ను క్సాంథేట్‌గా పట్టేస్తుంది. అప్పుడు ఏది ఏ వాయువో విడదీయలేరు. బొగ్గును టోలుయీన్‌తో కడిగి లెక్కపెట్టండి.

గుర్తు ఏ కార్బన్ మీద ఉందో కొనేటప్పుడే అడగాలి. మిథైల్ మీద ఉంటే కథ వేరు. మిథైల్ ఊడి ఫార్మాల్డిహైడ్ అవుతుంది, అది ఒంటి మామూలు రసాయన వ్యాపారంలో కలిసి ప్రోటీన్లలోకి, డీఎన్ఏ ముక్కల్లోకి చేరుతుంది. వారం తర్వాత కాలేయంలో కనిపించే రేడియోధార్మికత థైరామ్‌ది కాదు, ఎలుక సొంత మాంసానిదే కావచ్చు. దాన్ని 'అవశేషం' అని థీసిస్‌లో రాస్తే వైవాలో ఇబ్బంది పడతారు.

మోతాదు ఇచ్చే దగ్గర కూడా చూసుకోండి. 250 గ్రాముల ఎలుకకు కిలోకు 5 మి.లీ. చొప్పున 1.25 మి.లీ. సరిపోతుంది. 16 లేదా 18 గేజి, కొన బంతిలా ఉన్న గావేజ్ సూది (నోటి గుండా కడుపులోకి మందు దించేది) వాడండి. నోటి నుంచి చివరి పక్కటెముక దాకా సూదిని ఎలుక ఒంటి పక్కన పెట్టి కొలిచి గుర్తు పెట్టుకోండి. థైరామ్ నీళ్ళలో కరగదు కాబట్టి 0.5 శాతం కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్‌లో సస్పెన్షన్ చేసి ఉంటారు. సీసాలో మాగ్నెట్ తిరుగుతూ ఉండగానే సిరంజిలోకి తీయాలి. పై భాగం, మధ్య, అడుగు నుంచి మూడు నమూనాలు తీసి చూడండి. పది శాతానికి మించి తేడా ఉంటే మొదటి ఎలుకకూ చివరి ఎలుకకూ మీరిచ్చింది వేర్వేరు మోతాదులే. ఇచ్చే ముందు, ఇచ్చాక సిరంజిని తూచండి. గింజంత పదార్థం గోడలకు అంటి ఉండిపోవడం మామూలే.

నూనెలో ఇస్తే శోషణ ఆలస్యమవుతుంది, రక్తంలో శిఖరం వెనక్కి జరుగుతుంది. నూనెలో చేసినవాళ్ళ వక్రరేఖతో సస్పెన్షన్ వక్రరేఖను పోల్చి 'ఈ జాతి ఎలుకల్లో శోషణ వేగం ఎక్కువ' అని తేల్చినవాళ్ళూ ఉన్నారు.

మూత్రం గరాటును ప్రతిసారీ కడిగి, ఆ కడుగునీళ్ళనూ లెక్కపెట్టండి. చివరికి శవాన్నీ, పంజరాన్నీ లెక్కలో కలపాలి. ఓఈసీడీ 417 అనే అంతర్జాతీయ పరీక్షా మార్గదర్శకం ప్రకారం ఇచ్చినదాంట్లో 95 శాతం బయటికి వచ్చేదాకా, లేదా ఏడు రోజులు, ఏది ముందైతే అంతదాకా పోగుచేస్తారు. మొత్తం లెక్క 90 శాతానికి పైన తేలితే బాగా చేసినట్టు. మూత్రం సీసాలను పొడి ఐసు మీద పెట్టండి. ఎంబీటీ లాంటి థయోల్ జాతి పదార్థాలు గది వేడిలో తమలో తాము కలిసి డైసల్ఫైడ్ అయిపోతాయి. అప్పుడు మీరు చూసే 'కొత్త మెటబొలైట్' ఎలుక తయారుచేసింది కాదు, మీ సీసాలో పుట్టింది.

చర్మం మీద పూసే ప్రయోగంలో ఇంకో ఉచ్చు ఉంది. ఎలుక తన ఒళ్ళు తాను నాకుతుంది. పూసిన చోట గాలి ఆడే కప్పు బిగించకపోతే, మెడకు కాలర్ వేయకపోతే చర్మశోషణ అనుకున్నది నోటి శోషణ అవుతుంది. పంజరంలో గుంపుగా పెడితే పక్కది నాకుతుంది.

బ్యుటాడైయీన్ చిట్టెలుకలకు అంత ప్రమాదమైతే, ఎలుకలకు కాకపోతే, మనం ఎవరి వైపు? టైరు షాపుల్లో పనిచేసేవాళ్ళు భయపడాలా?
*— సైన్సు ఉపాధ్యాయుడు, నల్గొండ*

రెండో ప్రశ్నకు ముందు జవాబు. 1,3-బ్యుటాడైయీన్ వాయువు, సింథటిక్ రబ్బరుకు ముడి సరుకు. టైరు అయ్యేసరికి అది పాలిమర్‌లో కట్టుబడి ఉంటుంది. పంక్చరు షాపులో దాని భయం లేదు. ప్రమాదం అది వాయువుగా ఉండే రసాయన కర్మాగారాల్లో. ఆ మాటకొస్తే సిగరెట్టు పొగలోనూ, వాహనాల పొగలోనూ అది ఉంటుంది. టైరు కాల్చడం వేరే సంగతి, ఆ పొగలో అన్నీ ఉంటాయి.

ఇక జంతువులు. అమెరికాలో బి6సి3ఎఫ్1 అనే ల్యాబు రకం చిట్టెలుకలకు గాలిలో 625, 1250 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) పెట్టి 103 వారాలు నడపాలనుకున్న పరీక్షను 61వ వారానికే ఆపేయాల్సి వచ్చింది. లింఫోమాలతో, ఇతర కణుతులతో అవి చనిపోతూ ఉన్నాయి. రెండో పరీక్షలో కేవలం 6.25 పీపీఎం దగ్గరే ఆడ చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో కణుతులు పెరిగాయి. ఎలుకలకైతే 1000, 8000 పీపీఎం పెట్టినా వచ్చిన కణుతులు తక్కువ, అవీ వేరే చోట్ల.

వాయువు ఎంత లోపలికి వెళ్ళిందన్న దాని కన్నా లోపల ఏమైందన్నది ఇక్కడ ముఖ్యం. కాలేయంలోని సైటోక్రోమ్ పి450 2ఇ1 అనే ఎంజైమ్ బ్యుటాడైయీన్‌కు ఒక ఆక్సిజన్ తగిలించి ఎపాక్సీబ్యుటీన్ చేస్తుంది. ఇంకో ఆక్సిజన్ తగిలితే డైఎపాక్సీబ్యుటేన్ అవుతుంది. రెండు చేతులతో డీఎన్ఏ రెండు పోగులనూ పట్టుకోగల పదార్థం ఇది. వీటిని నిర్వీర్యం చేసే దారులు రెండు. ఎపాక్సైడ్ హైడ్రొలేజ్ అనే ఎంజైమ్ నీటిని చేరుస్తుంది, గ్లూటాథయోన్ నేరుగా అంటుకుంటుంది. చిట్టెలుకలో మొదటి అడుగు వేగం ఎక్కువ, హైడ్రొలేజ్ తక్కువ. అందుకే 62.5 పీపీఎం గాలిని నాలుగు గంటలు పీల్చాక చిట్టెలుక రక్తంలో డైఎపాక్సైడ్ ఎలుక రక్తంలో ఉన్నదానికి దాదాపు 40 రెట్లు ఉంది. ఊపిరితిత్తుల్లో తేడా 160 రెట్ల దాకా వెళ్ళింది.

మనిషి ఎక్కడ నిలబడతాడో మూత్రమే చెబుతుంది. హైడ్రొలేజ్ దారిలో వచ్చే ఒక మెర్కాప్ట్యూరిక్ ఆమ్లం, నేరుగా గ్లూటాథయోన్ దారిలో వచ్చే ఇంకొకటి, ఈ రెండింటినీ కొలుస్తారు. మొత్తంలో హైడ్రొలేజ్ దారి వాటా చిట్టెలుకలో 20 శాతం, ఎలుకలో సుమారు 50, కోతిలో 90, మనిషిలో 97కి పైన. అంటే ఈ ఒక్క విషయంలో మనం ఎలుకను దాటి ఇంకా అవతల ఉన్నాం. అలాగని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. సింథటిక్ రబ్బరు కర్మాగారాల కార్మికుల్లో రక్తక్యాన్సర్ పెరిగిందని ఉత్తర అమెరికా అధ్యయనాలు చూపించాయి. ఐఏఆర్‌సీ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలోనే ఉంచింది. మూత్రంలో నిష్పత్తి మంచిగా ఉన్నంత మాత్రాన మిగిలిన మూడు శాతం చేసే పని ఆగదు.

అయితే ఎలుకల్లో ఏమీ కాకపోతే మనిషికీ ఏమీ కాదనుకోవచ్చా?
*— అదే ఉపాధ్యాయుడి రెండో ప్రశ్న*

అనుకోకూడదు. దానికి రబ్బరు పరిశ్రమలోనే పాత ఉదాహరణ ఉంది. 2-నాఫ్తైల్ అమీన్ కలిసిన ఒక యాంటీఆక్సిడెంట్‌ను బ్రిటన్‌లో 1949లో ఉపసంహరించారు, అప్పటికే కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్లు కనిపించాయి. అంతకు ముందే 1938లో కుక్కల్లో అదే క్యాన్సర్ పుట్టించి చూపించారు. ఎలుకల్లో మూత్రాశయ క్యాన్సర్ రావడం అరుదు, చిట్టెలుకల్లో వచ్చింది కాలేయంలో. ఎలుకల మీదే ఆధారపడి ఉంటే ఈ పదార్థం 'పాస్' అయ్యేది.

కారణం మళ్ళీ జీవక్రియే. కాలేయం ఆ అమీన్ నత్రజనికి ఆక్సిజన్ తగిలిస్తే అది గ్లూకురోనైడ్‌గా మూత్రాశయం చేరుతుంది. అక్కడ మూత్రం ఆమ్లంగా ఉంటే విడిపోయి గోడను కాటేస్తుంది. నత్రజనికి ఎసిటైల్ తగిలిస్తే ఆ దారి మూసుకుంటుంది. కుక్కలకు ఎసిటైల్ తగిలించే ఎంజైమ్ లేదు. మనుషుల్లో కొందరికి చురుకుగా, కొందరికి మందకొడిగా ఉంటుంది. ఫీనైల్ నాఫ్తైల్ అమీన్ అనే యాంటీఆక్సిడెంట్‌లోంచి కూడా మనిషి ఒంట్లో కొద్ది భాగం 2-నాఫ్తైల్ అమీన్ విడుదలవుతుంది.

వేరుశెనగ విత్తనశుద్ధి చేసిన రోజు సాయంత్రం కల్లు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ వచ్చింది మా అన్నకి. రబ్బరు మందుకీ దీనికీ సంబంధం ఉందన్నారు, నిజమా?
*— రైతు, అనంతపురం జిల్లా*

ఉంది. విత్తనానికి కిలోకు 3 గ్రాముల చొప్పున పట్టించే థైరామ్, రబ్బరు వాళ్ళ టీఎంటీడీ, రెండూ ఒకటే పదార్థం. 1937లోనే అమెరికాలో ఒక రబ్బరు కర్మాగారపు వైద్యుడు తమ కార్మికులకు మద్యం పడకుండా పోతోందని రాశాడు. దీని అన్నదమ్ముడు, మిథైల్‌కు బదులు ఇథైల్ ఉన్న డైసల్ఫిరామ్, 1948లో కోపెన్‌హేగన్ పరిశోధకుల చేతుల్లో మద్యం మాన్పించే మందు అయింది.

మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అవుతుంది. దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైమ్‌ను ఈ పదార్థాలు కట్టేస్తాయి. ఎలుకల్లో తేలిందేమిటంటే డైసల్ఫిరామ్ తానుగా ఆ పని పెద్దగా చేయదు. కాలేయం దాన్ని రెండు ముక్కలు చేసి, మిథైల్ తగిలించి, ఒక సల్ఫర్ బదులు ఆక్సిజన్ పెట్టి, చివరికి సల్ఫాక్సైడ్‌గా మారుస్తుంది. ఎంజైమ్‌ను పట్టేది ఆ సల్ఫాక్సైడే. ఒకసారి పట్టాక ఆ ఎంజైమ్ తిరిగి బతకదు, ఒళ్ళు కొత్తది తయారుచేసుకోవాలి. డైసల్ఫిరామ్ మింగినవాళ్ళకు రెండు వారాల దాకా ఈ ఇబ్బంది ఉండేది అందుకే.

మీ అన్నకు చెప్పండి. విత్తనశుద్ధి డ్రమ్ములో చేయాలి, చేత్తో కలపకూడదు. పొడి పీల్చకుండా మాస్కు, చేతికి గ్లౌజులు ఉండాలి, పని కాగానే స్నానం చేసి బట్టలు విడిగా ఉతకాలి. ఆ తర్వాత కొన్ని రోజులు కల్లు, సారా ఏదీ వద్దు. దగ్గు టానిక్కుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది, చూసుకోండి. దడతో పాటు వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి 'థైరామ్' అనే పేరు డాక్టరుకు చెప్పండి. ఖాళీ ప్యాకెట్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

నియోప్రీన్ కాంపౌండ్‌లో ఇథిలీన్ థయోయూరియా వాడుతున్నాం. మిక్సింగ్ దగ్గర ఆడవాళ్ళు ఉండకూడదంటారు, ఎందుకు?
*— కాంపౌండర్, సంగారెడ్డి*

ఇథిలీన్ థయోయూరియా నియోప్రీన్ అనే సింథటిక్ రబ్బరుకు వేసే యాక్సిలరేటర్. ఎలుకల్లో ఇది పేగుల్లోంచి చకచకా శోషణ అవుతుంది, ఎక్కువ భాగం రెండు రోజుల్లోపే మూత్రంలో వచ్చేస్తుంది. మాయను (గర్భంలోని ప్లసెంటాను) కూడా దాటుతుంది. గర్భంతో ఉన్న ఎలుకకు తల్లికి ఏ హానీ కనిపించని మోతాదులోనే పిల్లల మెదడు, వెన్ను వికృతంగా తయారయ్యాయి. చిట్టెలుకలు అంతకన్నా చాలా ఎక్కువ మోతాదును తట్టుకున్నాయి. అవి దాన్ని వేగంగా మార్చేస్తాయి, ఎలుకలో అది మారకుండా ఎక్కువసేపు తిరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ తయారీనీ ఇది అడ్డుకుంటుంది.

ఆడవాళ్ళను పంపేసి మగవాళ్ళతో పొడి ఎత్తించడం పరిష్కారం కాదు, థైరాయిడ్ అందరికీ ఉంటుంది. పొడికి బదులు రబ్బరులో ముందే కలిపి గుళికలుగా వచ్చే సరుకు కొనండి. బస్తా విప్పినప్పుడు లేచే ధూళే అసలు సమస్య. అది పోతే సగం పని అయినట్టే. ఇథిలీన్ థయోయూరియా లేని నియోప్రీన్ క్యూరింగ్ పద్ధతులూ మార్కెట్లో ఉన్నాయి, మీ సప్లయర్‌ను అడగండి.

మా కాలేజీలో జంతుశాల లేదు. డీపీజీ చర్మశోషణ మీద ప్రాజెక్టు చేయవచ్చా?
*— ఎం.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి*

చేయవచ్చు, ఎలుక లేకుండానే. డీపీజీ, అంటే డైఫీనైల్ గ్వానిడీన్ అనే రబ్బరు యాక్సిలరేటర్, మగ ఎలుకల్లో నోటి ద్వారా బాగా శోషణ అవుతుంది, చర్మం గుండా మాత్రం నెమ్మదిగా, ఐదు రోజుల్లో దాదాపు పదో వంతు. ఈ తేడాయే మీ ప్రాజెక్టుకు తగిన ప్రశ్న.

ఓఈసీడీ 428 పద్ధతిలో ఫ్రాంజ్ సెల్ (చర్మం ముక్కను మధ్యలో బిగించే గాజు పాత్ర) వాడండి. చర్మం ఉపరితలం 32 డిగ్రీల దగ్గర, ఒక డిగ్రీ అటూఇటూ, ఉండాలి. 24 గంటలు నమూనాలు తీస్తారు. ముందుగా ప్రతి చర్మం ముక్కకూ విద్యుత్ నిరోధమో, నీటి ఆవిరి నష్టమో చూసి, చిరిగినవి పక్కన పెట్టేయండి. సర్జరీలో తీసేసిన మనిషి చర్మం దొరికితే మేలు, దానికి సంస్థ నైతిక సంఘం అనుమతి కావాలి. ఎక్కువమంది ఇక్కడ పొరబడేది కింది పాత్రలోని ద్రవం దగ్గర. ఉత్త ఉప్పునీళ్ళు పెడితే సరిగా కరగని పదార్థం చర్మం దాటి దిగడానికి జాగా ఉండదు, 'శోషణ లేదు' అని తేలుతుంది. ముందే ఆ ద్రవంలో ఎంత కరుగుతుందో కొలిచి, కనీసం పది రెట్లు జాగా ఉండేలా చూసుకోండి. కావాలంటే అల్బుమిన్ కలపండి. చివర్లో చర్మం పైపొరను టేపు ముక్కలతో ఒలిచి అందులో మిగిలిందీ లెక్కపెట్టాలి.

తర్వాత ఎప్పుడైనా ఎలుకలతో చేయాలనుకుంటే రిజిస్టర్ అయిన జంతుశాల, సంస్థ జంతు నైతిక సంఘానికి ఫారం బి అవసరం. కార్బన్-14 వాడితే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి వేరే. ఈ రెండో కాగితానికి పట్టే సమయం ప్రాజెక్టు గడువును మింగేస్తుంది కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే అర్జీ పెట్టండి.